విషజ్వరాలూ, తిరగబెట్టే రక్తపు జబ్బులూ

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆశ్వయుజం వెళ్ళి కార్తీకం వస్తోందంటే మా పేరాల వైపు ఏ గుమ్మంలో నిలబడి పలకరించినా ఒకటే జవాబు. "ఏం చెప్పమంటారు పిన్నిగారూ, ఇంటిల్లిపాదికీ జ్వరాలే." ఈశాన్యపు వానలు పడేదీ అప్పుడే, గుంటమగ్గాల గోతుల్లోకి నీరు ఊరేదీ అప్పుడే, దోమలు ముసిరేదీ అప్పుడే. తెనాలిలో గానీ, బాపట్లలో గానీ, రేపల్లెలో గానీ ఇంతకంటే వేరుగా ఉంటుందని నేననుకోను. పెద్దవాళ్ళు విషజ్వరం అంటారు, డాక్టర్లు వైరల్ ఫీవరంటారు. మూడు రోజులో అయిదు రోజులో ఉంటుంది. చారన్నం, మజ్జిగ, పారాసెటమాల్ మాత్ర. చాలామందికి అంతటితో సరి.

అంతటితో సరిపోనివాళ్ళు కొందరున్నారు. వాళ్ళ గురించి చెప్పాలనే ఈవేళ ఇక్కడికి వచ్చాను. ఎప్పుడో ఒకసారి రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయి గానీ, ఎర్రకణాలు విరిగిపోయి గానీ, ఆస్పత్రిలో ఉండి, మందులు మింగి, "ఇంక ఫరవాలేదమ్మా" అనిపించుకుని ఇంటికొచ్చిన ఆడవాళ్ళు వీళ్ళు. ఆ తరువాత రెండేళ్ళో నాలుగేళ్ళో మామూలుగా వండుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ గడిపేస్తారు. ఆ జబ్బు సంగతి ఇంట్లోవాళ్ళూ మరిచిపోతారు. అప్పుడొక విషజ్వరం వస్తుంది. జ్వరం దాని దారిన అది పోతుంది గానీ, పోతూ పోతూ పడుకున్న పాత జబ్బును తట్టి లేపి పోతుంది. మన తెలుగులో దీనికి చక్కని మాట ఉంది, తిరగబెట్టడం అని.

నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్ళు రక్తపరీక్షల గదిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నదాన్ని. ఫలానా మందు వేసుకోండి అని చెప్పే అధికారం నాకు లేదు, చెప్పను కూడా. అద్దాల మీద ఆ కణాలను చూసి చూసి తెలిసినవీ, ఆ చీటీలు పట్టుకుని వెళ్ళిన ఆడవాళ్ళ వల్ల తెలిసినవీ కొన్ని చెబుతాను.

మన రక్తంలో కణాలు ముఖ్యంగా మూడు రకాలు. ఊపిరిని మోసేవి ఎర్రకణాలు. జబ్బులతో పోరాడేవి తెల్లకణాలు. గాయం అయినప్పుడు రక్తం కారిపోకుండా అడ్డం పడేవి ప్లేట్‌లెట్లు. ఇవన్నీ ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది, ప్లేట్‌లెట్టు వారం పది రోజులకే రాలిపోతుంది. కాబట్టి మూలుగకు ఒక్కరోజు కూడా సెలవు లేదు. ఇంటి జమాఖర్చు లాంటిదే ఇదీ. రాబడి, ఖర్చు సరితూగినంతకాలం చీకూ చింతా ఉండదు. ఒక క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. మనలో ఎంతమందికి ఉంటుందన్నది వేరే ప్రసంగం.

ఊళ్ళో దొంగలు తిరుగుతున్నారంటే మగవాళ్ళు కర్రలు పట్టుకుని రాత్రిళ్ళు గస్తీ తిరగడం మీకు తెలుసు. చీకట్లో ఎవరో కదిలారని, ముందూ వెనకా చూడకుండా, రెండో ఆట సినిమా చూసి వస్తున్న పక్కింటాయననే బాదేసిన సందర్భాలూ ఉన్నాయి. శరీరంలోనూ ఇలాంటిది జరుగుతుంది. సూక్ష్మజీవుల మీద ప్రయోగించవలసిన యాంటీబాడీలు మన కణాలకే అంటుకుంటాయి. అలా గుర్తు పడిన కణాలను ప్లీహం, అంటే ఎడమవైపు డొక్కలో ఉండే స్ప్లీన్, పట్టి మింగేస్తుంది. ప్లేట్‌లెట్లకు ఈ గతి పడితే ఐ.టి.పి. అంటారు. ఎర్రకణాలకు పడితే ఆటో ఇమ్యూన్ హీమోలిటిక్ ఎనీమియా. పెద్ద పేరే గానీ అర్థం చిన్నది, తన కణాలను తానే విరుచుకోవడం వల్ల వచ్చిన రక్తహీనత. అరుదుగా రెండూ ఒకే మనిషికి వస్తాయి, దాన్ని ఇవాన్స్ సిండ్రోమ్ అంటారు.

ఐ.టి.పి.లో మొదటి అక్షరానికి చాలాకాలం "కారణం తెలియని" అనే అర్థం ఉండేది. ఆ కారణం రక్తంలోనే ఉందని రుజువు చేయడానికి ఒక డాక్టరు తన ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. 1950లో అమెరికాలో సెయింట్ లూయీ నగరంలో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు, ఈ జబ్బుతో ఉన్న ఒక స్త్రీ రక్తాన్ని అర లీటరు తన నరంలోకి ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు అడుగంటిపోయాయి, ఒళ్ళంతా మచ్చలు తేలాయి, మూర్ఛ కూడా వచ్చిందట. కొద్ది రోజులకు మళ్ళీ వాటంతటవే పెరిగాయి. ఆమె మూలుగ పాడయిపోలేదు, ఆమె రక్తంలోనే ప్లేట్‌లెట్లను మట్టుపెట్టేదేదో ఉంది అని అప్పుడు తేలింది. వాళ్ళావిడ ఆయన్ని ఏమందో మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు!

సరే, విషజ్వరానికీ దీనికీ సంబంధం ఏమిటి? చిన్నపిల్లల్లో ఈ సంబంధం స్పష్టంగా కనిపిస్తుంది. జలుబో జ్వరమో వచ్చి తగ్గిన ఒకటి నుంచి మూడు వారాల లోపల పిల్ల కాళ్ళ మీద ఎర్ర చుక్కలు తేలతాయి. తల్లులు హడలిపోతారు. పిల్లల్లో ఎక్కువమందికి కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది. పెద్దవాళ్ళ సంగతి అలా కాదు. ముఖ్యంగా ఈడులో ఉన్న ఆడవాళ్ళకు వస్తే జబ్బు చాలామందిలో నిలిచిపోతుంది, మందులతో అణగి ఉంటుంది. అణగి ఉండడం వేరు, పోవడం వేరు. యాంటీబాడీలు కొద్దిగా తయారవుతూనే ఉంటాయి, కణాలు కొద్దిగా పోతూనే ఉంటాయి, మూలుగ ఇంకాస్త కష్టపడి ఆ లోటు పూడుస్తూ ఉంటుంది. చీటీ మీద అంకె బాగానే కనబడుతుంది.

ఇలా ఉండగా వైరస్ వచ్చిందనుకోండి. శరీరం మొత్తం గస్తీకి లేస్తుంది. ప్లీహంలో కణాలను మింగే భక్షక కణాలకు ఆకలి రెట్టింపవుతుంది, నిన్నటి దాకా చూసీ చూడనట్టు వదిలిన వాటిని కూడా ఇవాళ వదలవు. పాత పొరపాటును గుర్తుపెట్టుకున్న తెల్లకణాలు ఆ సందట్లో మళ్ళీ యాంటీబాడీలు తయారు చేయవచ్చు. పైగా కొన్ని వైరస్‌లు మూలుగ పనిని మందగింపజేస్తాయి. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది? డెంగీ, ఇన్‌ఫ్లుయెంజా, ఆటలమ్మ, ఇవన్నీ ఇలా చేయగలవు. 2020 తరువాత కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళలో కూడా కొత్తగా ఐ.టి.పి. రావడం, ఉన్నవాళ్ళకు తిరగబెట్టడం ప్రపంచమంతటా వైద్యులు చూశారు. అలాగని ప్రతి జ్వరానికీ తిరగబెడుతుందని భయపడనక్కరలేదు. జ్వరం వచ్చిపోయినా ఏమీ కానివాళ్ళనీ నేను చాలామందిని చూశాను. అవుతుందో కాదో పరీక్ష చేసేదాకా చెప్పలేం, అంతే.

మా పేటలో ఒక కోడలుంది. చెప్పమని ఆవిడే అంది గనుక చెబుతున్నాను, పేరు మాత్రం వద్దు. పెళ్ళయిన ఏడాదికి ఆమెకు ఐ.టి.పి. వచ్చింది. అప్పుడు ప్లేట్‌లెట్లు 12 వేలు. కొన్ని నెలలు ప్రెడ్నిసలోన్ మాత్రలు వాడితే లక్ష దాటాయి, డాక్టరుగారు మెల్లమెల్లగా తగ్గిస్తూ మందు ఆపేశారు. నాలుగేళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. ఆ తరువాత ఒక వానాకాలం ఇంట్లో నలుగురికీ వరసగా జ్వరం, పరీక్ష చేస్తే డెంగీ. అయిదోరోజున అందరికీ ప్లేట్‌లెట్లు తగ్గాయి, ఆమెకు 60 వేలకు వచ్చాయి. డెంగీలో తగ్గడం మామూలేగదా అన్నారు. నిజమే, మామూలే. ఏడెనిమిది రోజులకు తక్కినవాళ్ళందరికీ వాటంతటవే పెరిగాయి. ఆమెకూ జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, వంటింట్లోకి వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

స్నానం చేస్తుంటే ఆమె నడుం చుట్టూ, లంగా బొందు కట్టే చోట, నీలంగా కమిలి కనబడింది. ముంజేతుల మీద గాజులు రాసుకునే చోట కూడా. అత్తగారు చూసి, "కండెలు చుట్టేటప్పుడు ఎక్కడో తగిలి ఉంటుంది లేవే" అంది. అనడంలో ఆవిడ తప్పేమీ లేదు, మగ్గం ఉన్న ఇంట్లో దెబ్బలు తగలకుండా ఉండవు. కానీ ఈ కోడలు ఒక మంచి పని చేసింది. "అత్తయ్యా, బొందు కట్టుకుంటే ఎవరికైనా కములుతుందా?" అని ఊరుకోకుండా పాత చీటీలన్నీ సంచీలో వేసుకుని వచ్చింది. పదోరోజున రక్తం తీస్తే 18 వేలు. ఆ చీటీలు లేకపోతే డెంగీ ఇంకా తగ్గలేదు కాబోలు అనుకుని మరో నాలుగు రోజులు గడిపేవారు. చీటీలు చూసిన డాక్టరుగారు పాత జబ్బు తిరగబెట్టిందని గ్రహించి ఆ రోజే మందు మొదలుపెట్టారు. రెండు వారాలు తిరక్కుండా 90 వేలకు వచ్చింది.

ఇందులో ఒక్క విషయం మీరు జాగ్రత్తగా గమనించాలి. డెంగీలో పడిపోయిన ప్లేట్‌లెట్లు జ్వరం తగ్గిన కొద్ది రోజులకు లేస్తాయి. లేవకపోయినా, లేచి మళ్ళీ పడినా, అది డెంగీ పని కాకపోవచ్చు. అందుకని ఈ జబ్బు ఒకసారి వచ్చి ఉన్నవాళ్ళు జ్వరం మధ్యలో ఒకసారి, తగ్గిన వారానికి ఒకసారి, మూడో వారంలో ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిదా అని తమ డాక్టరును ముందే అడిగి పెట్టుకోవాలి. సి.బి.సి. అనే ఈ పరీక్ష ఇప్పుడు చిన్న ఊళ్ళలో కూడా చేస్తున్నారు, ఖరీదూ ఎక్కువ కాదు. పాలవాడి పద్దు రాసుకున్నట్టు ఒక నోటుపుస్తకంలో తారీఖు, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, అప్పుడు వాడుతున్న మందు, నాలుగు గళ్ళు గీసి రాసుకోండి. పట్టుచీరలు పెట్టే బీరువాలో ఆ పుస్తకానికి కాస్త చోటివ్వండి.

ఇంకో సంగతి, ఇది మా గదిలోవాళ్ళకే తెలిసేది. ఊదారంగు మూత గొట్టంలో రక్తం తీస్తామే, అందులో ఉండే మందు కొందరి రక్తానికి పడదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుత్తులు కడతాయి. మెషిన్ ఆ గుత్తిని లెక్కపెట్టలేక 20 వేలనో 30 వేలనో ముద్ర కొట్టి ఇస్తుంది. నిజానికి రెండు లక్షలు ఉంటాయి. ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేకుండా అంకె మాత్రం పాతాళంలో ఉంటే, "గాజుపలక మీద పెట్టి కంటితో చూశారా?" అని అడగండి. అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా ఫరవాలేదు.

అంకె ఒక్కటే చూసి ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవద్దు కూడా. 50 వేలు దాటి ఉంటే మామూలుగా దానంతట రక్తం కారదు. పెద్దవాళ్ళలో 30 వేలకు పైన ఉండి రక్తస్రావం లేకపోతే చాలాసార్లు డాక్టర్లు మందు కూడా ఇవ్వకుండా కనిపెట్టి ఉంటారు. పదివేల లోపలికి పోతే ప్రమాదం ఎక్కువ. కానీ అంకె కంటే ఒళ్ళు చెప్పే సాక్ష్యం గట్టిది. మోకాళ్ళ కింద గుండుసూది తలంత ఎర్రచుక్కలు తేలితే గాజు గ్లాసు అంచు పెట్టి నొక్కి చూడండి. దద్దురయితే నొక్కినప్పుడు పాలిపోతుంది, చర్మం లోపల రక్తం చిమ్మితే పోదు. నోటి లోపల, బుగ్గల వెనక, నేరేడుపండు రంగులో రక్తపు బుడగలు లేచినా, ముక్కు నుంచి రక్తం ఆగకపోయినా, విరోచనం నల్లగా తారులా అయినా, ఎన్నడూ లేని తలనొప్పి వచ్చినా పొద్దున్న చూద్దాంలే అనకండి. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి.

మనం పైకి చెప్పుకోనిది ఇంకొకటుంది. బహిష్టు. ప్లేట్‌లెట్లు తగ్గితే మొదట అక్కడే తెలుస్తుంది. గంటగంటకూ గుడ్డ మార్చవలసి వచ్చినా, గడ్డలు గడ్డలుగా పడినా, "ఈ నెల వేడి చేసింది" అని సరిపెట్టుకుంటారు. మొగుడితో చెప్పరు, డాక్టరు మగాడయితే ఆయనతో అసలు చెప్పరు. నా దగ్గరకు రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు చెవిలో చెప్పేవారు. నాకు చెప్పి ఏం లాభం? నేను అంకె మాత్రమే రాస్తాను. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఆ మాట డాక్టరు చెవిన వేయండి. దానికి మందులున్నాయి.

ఇక జ్వరం వచ్చినప్పుడు చేయకూడనివి. మన ఊళ్ళలో జ్వరమంటే తుంటిలో ఒక సూది పడితే గానీ తృప్తి ఉండదు. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నవాళ్ళకు కండలోకి సూది పొడిస్తే లోపల రక్తం గడ్డకట్టి పుండంత వాపు లేస్తుంది. ఒళ్ళునొప్పులకు యాస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, అవి ఉన్న కాసిని ప్లేట్‌లెట్లనూ పనిచేయనివ్వవు. 2005, 2006 సంవత్సరాల్లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని ఊపేసినప్పుడు కీళ్ళనొప్పులకు ఆ మాత్రలు ఎంత విచ్చలవిడిగా మింగారో మీకు గుర్తుండే ఉంటుంది. జ్వరానికి పారాసెటమాల్ చాలు. మందు ఇచ్చేవారు ఎవరైనా సరే, పట్టణంలో ఎం.డి. గానీ, వీధి చివర ఆర్.ఎం.పి. గానీ, సిరంజి చేతిలోకి తీసుకోకముందే "నాకు ప్లేట్‌లెట్ల జబ్బు ఉంది" అని నోరు తెరిచి చెప్పండి.

బొప్పాయి ఆకు రసం సంగతి ఎలాగూ అడుగుతారు. డెంగీలో దాన్ని తాగితే ప్లేట్‌లెట్లు కొంచెం ముందుగా పెరిగాయని చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి. డెంగీలో అవి ఎలాగూ పెరుగుతాయి గదా, అందుకని ఆ కీర్తి ఆకుకు దక్కుతోందేమో అని నా అనుమానం. ఐ.టి.పి.లో కణాలు తయారుకాకపోవడం ఒక్కటే కాదు, తయారైనవి నాశనమవడం అసలు జబ్బు. దానికి ఈ రసం మందు కాదు. డెంగీలో ప్రాణం తీసేది కూడా ఎక్కువగా ప్లేట్‌లెట్లు కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోవడం. జ్వరం దిగిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ గండం ఉంటుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగతగా పడి ఉండడం కనిపిస్తే, జ్వరం లేదుగా అని ధీమా పడరాదు.

ప్లేట్‌లెట్ల ప్యాకెట్ల కోసం అర్ధరాత్రి దాతల్ని వెతుక్కుంటూ స్కూటర్ల మీద తిరిగే కుటుంబాలనూ చూశాను. ఐ.టి.పి.లో బయటినుంచి ఎక్కించినవీ అదే గతి పడతాయి, చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. ప్రాణం మీదికి వచ్చిన రక్తస్రావంలో తప్ప డాక్టర్లు వాటిని ఎక్కించరు. ఎక్కించలేదని వాళ్ళతో పోట్లాడకండి.

ఇంతసేపూ ప్లేట్‌లెట్లయ్యాయి. ఎర్రకణాలు విరిగే జబ్బు తిరగబెడితే దాని వేషం వేరుగా ఉంటుంది. జ్వరం తగ్గాక మనిషి తెల్లబడిపోతుంది, రెండు మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ. కళ్ళు పచ్చబడతాయి. మూత్రం కాఫీ డికాషన్ రంగులో రావచ్చు. కళ్ళు పచ్చబడ్డాయనగానే మనవాళ్ళు ఏం చేస్తారు? పచ్చకామెర్లు అంటారు. ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు, ముందురోజే వెళ్ళాలి, పరగడుపున వెళ్ళాలి, ఉప్పు లేని పథ్యం పెట్టాలి అంటారు. పసరు తాగి, చప్పిడి కూడు తిని, హిమోగ్లోబిన్ నాలుగుకు దిగాక మోసుకువచ్చిన మనిషి రక్తం నేను స్వయంగా తీశాను. సూది గుచ్చితే గొట్టంలోకి వచ్చింది కుంకుమ కలిపిన నీళ్ళలా ఉంది. కాలేయం చెడితే వచ్చే కామెర్లు వేరు, ఎర్రకణాలు విరిగి అందులోని రంగు చర్మానికెక్కితే వచ్చే పచ్చదనం వేరు. కళ్ళు పచ్చగా ఉండి, మనిషి కూడా పాలిపోయి ఉంటే, కామెర్లలో ఈ రెండోది ఉందేమో చూడాలి.

దాన్ని పట్టిచ్చేది కూంబ్స్ పరీక్ష. ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకుని ఉన్నాయో లేదో చెబుతుంది. 1945లో ఇంగ్లండులో దాన్ని కనిపెట్టినవారిలో ముఖ్యుడు రాబిన్ కూంబ్స్, పశువైద్యం చదివిన మనిషి! ఈ జబ్బులో ఇంకో చిక్కుంది. రక్తం ఎక్కించాలంటే బ్లడ్ బ్యాంకులో ఏ సీసా తీసినా కలవడం లేదంటారు. ఇంట్లోవాళ్ళు, అన్నదమ్ముల రక్తం కూడా కలవకపోవడం ఏమిటని బెంబేలు పడతారు. ఆమెలోని యాంటీబాడీలు అందరి కణాల మీదికీ లేస్తాయి, అందువల్ల అలా అవుతుంది. ప్రాణావసరమైతే ఉన్నవాటిలో తక్కువ తేడా ఉన్నదాన్ని చూసి, మెల్లగా, కాపలా కూర్చుని ఎక్కిస్తారు.

రక్తం తక్కువ అనగానే మనకు ఇనుము టానిక్కు గుర్తుకొస్తుంది. ఈ జబ్బులో విరిగిన కణాల ఇనుము చాలావరకు ఒంట్లోనే మిగులుతుంది. కరవయ్యేది ఫోలిక్ యాసిడ్. మూలుగ రెట్టింపు వేగంతో కణాలు తయారుచేస్తుంటే అది చకచకా ఖర్చయిపోతుంది. అందుకే డాక్టర్లు ప్రెడ్నిసలోన్‌తోపాటు ఆ చిన్న పసుపు మాత్ర రాస్తారు. చవక మాత్ర గదా అని దాన్ని మానేసేవాళ్ళున్నారు. దాని వెనక ఎంత కథ ఉందో తెలిస్తే మానరు. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీలు రక్తం లేక ఎందుకు చనిపోతున్నారో శోధించింది. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వాళ్ళకు నయమవుతోందని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నది ఇదే. దాన్ని విడదీసి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు, ఆ జబ్బుకు కూడా ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు తినండి, మంచిదే. అయితే ఈ జబ్బులో కూర ఒక్కటే చాలదు, ఎక్కువ ఉడికిస్తే అందులో ఉన్నదీ పోతుంది.

ప్రెడ్నిసలోన్ వాడుతున్నవాళ్ళు కొన్ని గుర్తుపెట్టుకోవాలి. జ్వరం వచ్చింది, ఇన్ని మాత్రలెందుకు అని దాన్ని చటుక్కున ఆపకూడదు. వారాల తరబడి ఆ మాత్ర వాడితే శరీరం తన సొంత స్టీరాయిడు తయారుచేయడం మానుకుంటుంది. ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు పడిపోయి మనిషి కూలిపోవచ్చు. ముఖం గుండ్రబడుతోందని, ఆకలెక్కువై లావెక్కుతున్నానని ఆపేసే అమ్మాయిలున్నారు. బాధ నాకు అర్థమవుతుంది. తగ్గించవలసింది మాత్రం డాక్టరే, మెట్టుమెట్టుగా.

ఇంట్లో గానీ పొరుగున గానీ ఎవరికైనా అమ్మవారు పోస్తే, అంటే ఆటలమ్మ వస్తే, వేపమండలు కట్టి చలిబిండి నైవేద్యం పెట్టుకోండి, కాదనను. కానీ స్టీరాయిడ్లు వాడుతున్న మనిషిని ఆ ఇంటికి పరామర్శకు పంపకండి. ఎదురుపడడం జరిగిపోతే చుక్కలు తేలేదాకా ఆగకుండా అదేరోజు డాక్టరుకు తెలపండి. ఆమెకు అది మామూలు ఆటలమ్మ కాదు. ఆ సమయంలో ఆటలమ్మ టీకా కూడా వేయించకూడదు, అందులో బతికున్న వైరస్ ఉంటుంది. ఏటేటా వేసే ఫ్లూ సూది మందు అలాంటిది కాదు, వేయించుకోవచ్చు. టీకాల వల్ల ప్లేట్‌లెట్లు పడ్డాయని విని పిల్లలకు తట్టు టీకా మానిపించేవారికి ఒక మాట. ఆ టీకా తరువాత అరుదుగా అలా జరుగుతుంది, నిజం. తట్టు వస్తే అంతకంటే ఎక్కువగా జరుగుతుంది, మిగతా ప్రమాదాలు దానికి అదనం.

ప్లీహం తీసేసిన ఆడవాళ్ళు కూడా మన మధ్య ఉన్నారు. ఒకప్పుడు అదే పెద్ద మందు. వాళ్ళకు ఏ జ్వరమైనా విషజ్వరమేలే అని ఇంట్లో ఉండే వీలులేదు. కొన్ని బాక్టీరియాలు గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయి. థర్మామీటరు 101 చూపిందంటే ఆటో పిలవాలి.

చివరికి దోమ దగ్గరకే రావాలి. మురుగుకాలవలో పుట్టే దోమ వేరు, డెంగీ దోమ వేరు. ఇది శుభ్రమైన నిలవనీళ్ళలో పుడుతుంది, పగలు కుడుతుంది. కుళాయి వచ్చినప్పుడు పట్టుకుని దాచుకునే డ్రమ్ములు, కూలరు అడుగు, ఫ్రిజ్ వెనకాల పళ్ళెం, తులసికోట పక్కన పారేసిన కొబ్బరిచిప్ప, ఇవి దాని పురుటిళ్ళు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. నీళ్ళు ఒంపేస్తే చాలదు, గుడ్లు పాత్ర గోడకు అంటుకుని ఎండలో నెలల తరబడి బతికే ఉంటాయి. వారానికొకసారి కొబ్బరిపీచు పెట్టి గోడలు తోమాలి.

మునిసిపాలిటీవాళ్ళు వస్తారు, మందు కొడతారు అని చూస్తూ కూర్చోవద్దు. మునిసిపాలిటీ అంటే మా ఊరివాళ్ళకు ఇప్పటికీ 1921 గుర్తుకొస్తుంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద, ఆ పన్నులు కట్టం అని చీరాల, పేరాల జనం ఊళ్ళు ఖాళీ చేసి, ఊరి బయట రామనగరం కట్టుకుని పాకల్లో నెలలు గడిపారు. అంత పని చేసిన ఊరికి డ్రమ్ము మీద మూత పెట్టడం ఒక లెక్కా?

మగ్గం గోతిలో ఊరిన నీటిని ఏ రోజుకారోజు తోడేసి, గోతిలో కూర్చుని పగలంతా నేసేవారి పాదాలు, పిక్కలు కప్పుకునేలా చూడండి. ఇంట్లో ఈ జబ్బు వచ్చి ఉన్న మనిషి ఉంటే, పగటినిద్రకు కూడా దోమతెర కట్టండి. మా పేట కోడలు ఇప్పుడు కండెల గది కిటికీకి తెర కొట్టించుకుంది. ఆ నోటుపుస్తకం కూడా అక్కడే మేకుకు వేలాడుతోంది, మొన్నటి అంకె లక్షా పదివేలు.